డీజిల్ పెరిగినా పికప్ బండి నిలబడాలంటే: మా లెక్కల పుస్తకంలోంచి

మా బండి 2018 మోడల్ బొలెరో పికప్, పదిహేను వందల కిలోలు మోసేది. నడిపేది మా తమ్ముడు, లెక్కలు రాసేది నేను. మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి చెన్నైలోని కోయంబేడు కూరగాయల మార్కెట్‌కు, బెంగళూరుకు, అప్పుడప్పుడు తిరుపతికి సరుకు తోలుతాం. దూరపు బాడుగ లేని రోజున చుట్టుపక్కల తోటల నుంచి రైతుల క్రేట్లు మార్కెట్‌కు చేరుస్తాం. ఇంట్లో నలుగురికీ ఈ బండే ఆధారం. డీజిల్ రేటు కదిలిందంటే ఆ సంగతి మా వంటింటి దాకా తెలుస్తుంది.

పుస్తకం పెట్టడానికి కారణం 2022 వేసవి. అంతకుముందు 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించాక నాలుగున్నర నెలలు ధర కదలలేదు. ఆ నిలకడను నమ్మి మార్చి మొదటి వారంలో ఒక మండీ వ్యాపారితో వేసవి మొత్తానికీ చెన్నై ట్రిప్పుకు ఇంత అని మాట ఇచ్చేశాం. మార్చి 22న పెరగడం మొదలైంది. ఏప్రిల్ 6 వరకు పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెరిగి, లీటరు మీద దాదాపు 10 రూపాయలు ఎక్కింది. అప్పట్లో మా బండి చెన్నైకి వెళ్లి రావడానికి 48 లీటర్లు తాగేది. అంటే ట్రిప్పుకు 480 రూపాయలు మా చేతి నుంచే పోయాయి. మే 22న సుంకం మళ్లీ తగ్గేలోపు ఇరవై ట్రిప్పులు తోలాం. 9,600 రూపాయలు. ఆ నెల బండి కంతు కట్టడానికి చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. వ్యాపారిని అడిగితే, "మాట మాటే కదా చెల్లెమ్మా" అన్నాడు. మాట ఇచ్చింది మేమే, కాదనలేకపోయాం.

ఆ తరువాత నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. సొంత పికప్ పెట్టుకుని బతికేవాళ్లకు, కొత్తగా కొనాలనుకునేవాళ్లకు పనికొస్తాయి. లెక్క తేలిక కోసం అన్నిచోట్లా డీజిల్ లీటరు 100 రూపాయలు అనుకుంటున్నాను. మీ ఊరి రేటు వేసుకుని చూసుకోండి.

మొదట మీ బండి ఎంత తాగుతోందో కొలవండి

"మీ బండి ఎంత ఇస్తుంది?" అని ఏ డ్రైవరును అడిగినా ఒక అంకె చెబుతాడు. అది బండి కొత్తలో ఒక మంచి రోజున వచ్చిన అంకె. దాని మీద బాడుగ లెక్క కడితే మోసపోతాం.

ట్యాంకు నిండుగా పట్టించి కిలోమీటర్ల మీటరు అంకె రాసుకోవాలి. ట్రిప్పు పూర్తయ్యాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ నిండుగా పట్టించాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఆ ట్రిప్పులో తాగిన డీజిల్. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. డీజిల్‌కు నురగ ఎక్కువ. వేగంగా పడుతుంటే నురగ పైకి పొంగి, ట్యాంకు నిండకుండానే పంపు టక్కున ఆగిపోతుంది. అక్కడే సరే అనుకుంటే రెండు మూడు లీటర్ల తేడా వస్తుంది. ఆగాక ఒక నిమిషం ఓపిక పట్టి, నురగ దిగాక మెల్లగా పట్టించాలి. మళ్లీ ఆగితే అది నిజమైన నిండు. రెండుసార్లూ ఒకేలా చేయాలి. ఒక్క ట్రిప్పుతో తేల్చుకోవద్దు, కనీసం మూడింటి సగటు తీయండి.

పుస్తకంలో నేను రాసేవి ఇవే: తేదీ, దారి, బయలుదేరినప్పటి మీటరు, తిరిగొచ్చినప్పటి మీటరు, వెళ్లేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు బరువు, లీటర్లు, ఎక్కడ పట్టించాం. ఆరు నెలలు రాశాక మా బండికి ఒక అంకె లేదని తెలిసింది. చెన్నైకి లోడుతో దిగేటప్పుడు లీటరుకు 11, ఖాళీగా తిరిగి ఎక్కేటప్పుడు 13. లోడుతో తిరిగి వస్తే 10. తోటల మధ్య తిరుగుడుకు 9 కూడా రావడం కష్టం. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నై సముద్రం ఒడ్డున. మా సరుకు పల్లానికి దిగుతుంది, ఖాళీ బండి మెట్టకు ఎక్కుతుంది. ఈ దారి మాకు మేలు చేస్తోందన్న సంగతి పుస్తకం పెట్టేదాకా మాకే తెలియదు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. లీటరుకు 12 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు డీజిల్ ఖర్చు 8 రూపాయల 33 పైసలు. ధర 5 రూపాయలు పెరిగితే 8 రూపాయల 75 పైసలు అవుతుంది. అంటే 42 పైసల దెబ్బ. ధర పెరగకుండా బండి 12 నుంచి 11కు పడిపోతే? 9 రూపాయల 9 పైసలు, 76 పైసల దెబ్బ. ఒక్క కిలోమీటరు మైలేజీ పోతే లీటరు మీద 9 రూపాయలు పెరిగినట్టే. ధర పెరిగితే పేపర్లో వస్తుంది, అందరం మాట్లాడుకుంటాం. మైలేజీ పడిపోతే మీ పుస్తకం తప్ప ఇంకెవరూ చెప్పరు.

బాడుగలో రూపాయి బరువు రాయించుకోండి

ప్రతి దారికీ దాని లీటర్లు తెలిశాయి కాబట్టి ఇప్పుడు బేరం చేయడం తేలిక. చెన్నై పోను రాను 500 కిలోమీటర్లు, ఇప్పుడు మా బండికి 42 లీటర్లు. డీజిల్ ఒక్క రూపాయి పెరిగితే ఆ ట్రిప్పు మీద 42 రూపాయల భారం. మేము దీన్ని రూపాయి బరువు అంటాం. బెంగళూరుకు 20, తిరుపతికి కూడా ఇంచుమించు అంతే. తోటల తిరుగుడు రోజుకు 6 లేదా 7.

బాడుగ మాట్లాడేటప్పుడు ఇలా చెబుతాం: "అన్నా, ఈ రోజు ఫలానా బంకు బోర్డు మీద డీజిల్ రేటు ఇది. ఈ రేటుకు బాడుగ ఇంత. బోర్డు మీద ఒక్కో రూపాయి పెరిగితే ట్రిప్పుకు 42 కలపాలి, తగ్గితే 42 తీసేయాలి." కాగితం మీద రెండు వాక్యాలు రాసి ఇద్దరం సంతకం పెడతాం, ఫోనులో ఫోటో తీసుకుంటాం. ఏ బంకు బోర్డో రాయడం ముఖ్యం. 2017 జూన్ 16 నుంచి దేశమంతా పెట్రోలు, డీజిల్ ధరలను రోజూ ఉదయం 6 గంటలకు సవరించే పద్ధతి వచ్చింది. ఊరికో రేటు, కంపెనీకో రేటు ఉంటుంది. బంకు పేరు రాయకపోతే తరువాత వాదన వస్తుంది.

"పెరిగితే కలపాలి" అని మాత్రమే అడిగితే ఏ వ్యాపారీ ఒప్పుకోడు, ఒప్పుకోవలసిన పని కూడా లేదు. తగ్గినప్పుడు తగ్గించాలి, అదీ మనమే ముందుగా. 2024 మార్చి 15న లీటరుకు 2 రూపాయలు తగ్గినప్పుడు మా చెన్నై సరుకు వ్యాపారి అడగకముందే చీటీలో 84 రూపాయలు తగ్గించి రాసి పంపాను. ఆయన ఫోను చేసి, "ఇన్నేళ్లలో నాకు బాడుగ తగ్గించిన బండి మీదే అమ్మా" అన్నాడు. ఆ సీజను నుంచి చెన్నైలో తనకు తెలిసిన దుకాణాల తిరుగు సరుకు మాకే చెబుతున్నాడు.

ఖాళీగా తిరిగే కిలోమీటరు

డీజిల్ పొదుపు అనగానే అందరూ డ్రైవరు కాలు వైపు చూస్తారు. నా పుస్తకం మాత్రం ముందు తిరుగు ప్రయాణం వైపు చూడమంటోంది.

చెన్నైకి 250 కిలోమీటర్లు సరుకుతో వెళ్లి, 250 ఖాళీగా వస్తే 4,200 రూపాయల డీజిల్ అయింది. బాడుగ తెచ్చిపెట్టినవి 250 కిలోమీటర్లే. సరుకుతో నడిచిన ఒక్కో కిలోమీటరు మీద డీజిల్ 16 రూపాయల 80 పైసలు పడింది. రెండు ట్రిప్పుల్లో ఒకదానికి తిరుగు సరుకు దొరికిందనుకుందాం. సగటున 45 లీటర్లు తాగి 375 కిలోమీటర్లు సరుకుతో నడిచినట్టు. ఇప్పుడు కిలోమీటరుకు 12 రూపాయలు. ఏ ప్రభుత్వమూ డీజిల్ మీద ఇంత తగ్గించదు.

తిరుగు సరుకుకు ఎంత అడగాలి? దీనికి అడుగు రేటు, అంటే అంతకంటే కిందికి దిగకూడని రేటు, ముందే తెలిసి ఉండాలి. ఖాళీగా వస్తే 19 లీటర్లు, లోడుతో వస్తే 25. తేడా 6 లీటర్లు, 600 రూపాయలు. సరుకు ఎక్కించుకోవడానికి ఊరిలో తిరిగే దూరం, దించడానికి పక్క ఊరికి వెళ్లే దూరం, హమాలీ, అన్నీ కలిపి వెయ్యి దాటకపోతే, పదిహేను వందలు ఇచ్చినా అది మనకు మిగులే. పూర్తి బాడుగ ఇస్తేనే వేస్తానని ఖాళీగా వచ్చేయడం తప్పు. అలాగని రోజంతా కాచుకుని కూర్చోవడమూ తప్పే. జాతీయ రహదారి టోలు వద్ద 24 గంటల్లో తిరిగి వస్తే రానుపోను రుసుము ఒకవైపు దానికి ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఆ గడువు దాటితే అదీ పోతుంది, మరునాటి లోడూ పోతుంది. మేము పెట్టుకున్న హద్దు నాలుగు గంటలు. తెల్లవారుజామున సరుకు దించాక తమ్ముడు నిద్రపోయే సమయం కూడా అందులోనే.

తిరుగు సరుకుకు కాగితాలు చూసుకోవాలి. తాజా కూరగాయలకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అక్కర్లేదు కాబట్టి టమాటా బండ్లవాళ్లకు ఆ అలవాటు ఉండదు. ప్లాస్టిక్ సామాన్లో, ఎలక్ట్రికల్ సరుకో ఎక్కించుకుని రాష్ట్రం దాటుతుంటే, విలువ 50,000 దాటిందంటే ఈ-వే బిల్లు ఉండాల్సిందే. సరుకు వాళ్లు "దారిలో పంపిస్తాం" అంటే బండి కదలొద్దు.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది. ఖాళీ క్రేట్లు. మండీ వ్యాపారులు పోయిన వారం క్రేట్లను వచ్చేటప్పుడు వేసుకురమ్మంటారు. బరువు లేదు కదా అని మనం సరేనంటాం. ఖాళీ క్రేట్లు ఒకదానిలో ఒకటి దూరవు, తొట్టి నిండిపోతుంది, ఇక తిరుగు సరుకుకు చోటే ఉండదు. కాబట్టి క్రేట్లు తేవడం కూడా బాడుగే. మేము దానికి విడిగా రేటు పెట్టాం. ఇవ్వనివాళ్లు పెద్ద లారీలో తెప్పించుకుంటున్నారు, మాకూ ఇబ్బంది లేదు.

తోటల తిరుగుడులోనూ ఇదే సూత్రం. ముందు దగ్గరి తోటలో ఎక్కించుకుని దూరపు తోటకు వెళితే, ఆ బరువును అనవసరంగా అవతలికి మోసి ఇవతలికి మోసినట్టు. ఖాళీగా చివరి తోటకు వెళ్లి, అక్కడి నుంచి ఎక్కించుకుంటూ మార్కెట్ వైపు రావాలి. రైతులకు ముందు రోజు రాత్రే ఫోను చేసి ఎవరి తోటకు ఎన్ని గంటలకో చెబితే వాళ్లూ కోతను దానికి తగ్గట్టు సర్దుకుంటారు.

దారిలో

వేగం గురించి మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. కోయంబేడులో బేరం అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లారేసరికి ముగుస్తుంది. ఆలస్యమైతే సరుకు రేటు పడిపోతుంది. అందుకని తమ్ముడు నాలుగు వరుసల రోడ్డు ఎక్కగానే 80కి తగ్గేవాడు కాదు. పైన టార్పాలిన్ కట్టిన క్రేట్ల గుట్టతో ఉన్న పికప్ గాలికి గోడలా అడ్డం నిలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ గాలి ఒత్తిడి వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఇంధన పొదుపు గురించి చెప్పే కేంద్ర సంస్థ పీసీఆర్‌ఏ 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మేలని చెబుతూ వస్తోంది. జాతీయ రహదారి మీద వెనుక నుంచి లారీలు వస్తుంటే ఆ వేగం మాకు కుదరలేదు. 60, 65 మధ్య ఒక నెల నడిపి చూడమన్నాను.

"నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది అక్కా" అన్నాడు. "నలభై నిమిషాలు ముందు బయలుదేరు" అన్నాను. దానికోసం మార్కెట్‌లో లోడింగు ముందు మన బండికే అయ్యేలా వ్యాపారితో మాట్లాడాను. నెల తిరిగేసరికి 48 లీటర్ల ట్రిప్పు నలభై మూడున్నరకు దిగింది. ట్రిప్పుకు 450 రూపాయలు. ఆ తరువాత తమ్ముడితో ఆ మాట మళ్లీ ఎత్తాల్సిన అవసరం రాలేదు.

మొగిలి ఘాట్ సంగతి విడిగా చెప్పాలి. పలమనేరు దాటాక చిత్తూరు వైపు దిగే ఆ ఘాట్‌లో చాలామంది డీజిల్ మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదిలేస్తారు. ఇది ప్రాణాంతకం, పైగా డీజిల్ కూడా మిగలదు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో, కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్ల ద్వారా చిమ్మేవి) గేరు వేసి ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, ఇంజెక్టర్లకు డీజిల్ ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎక్కడానికి ఏ గేరు వేస్తామో దిగడానికీ దాదాపు అదే గేరు వేయాలి. మూడో గేరులో ఇంజన్ మూలుగుతూ దిగుతున్నప్పుడు డీజిల్ మండుతున్నట్టు అనిపిస్తుంది కానీ, ఆ మూలుగుకు ఖర్చు లేదు.

నిలబడ్డ బండిలో ఇంజన్ ఆపడం గురించి ఒక్క మాట చాలు. మార్కెట్ గేటు వరుసలో, తోటలో క్రేట్లు ఎక్కేటప్పుడు, హోటల్ ముందు, ఊరికే తిరిగే ఇంజన్ మా బండిలో గంటకు అర లీటరుకు పైనే తాగుతోంది. తాళం తిప్పండి.

ఎడమ వెనుక చక్రం

పోయిన ఏడాది వానల తరువాత మైలేజీ మెల్లగా జారడం మొదలైంది. 12 నుంచి 11.6, తరువాత 11.2. దారి అదే, బరువు అదే, వేగం అదే. నాకు బంకు మీద అనుమానం వచ్చింది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, వినియోగదారుడు అడిగితే అందులో పట్టి చూపించాలి. తేడా 25 మిల్లీలీటర్లకు మించకూడదు. నేనే వెళ్లి అడిగాను. పంపు దగ్గరి అబ్బాయి కాసేపు తటపటాయించి మేనేజరును పిలిచాడు. ఆయన పాత్ర తెచ్చి చదునైన చోట పెట్టి పట్టించాడు. పాత్ర మెడ దగ్గరి గీత మీద డీజిల్ సరిగ్గా నిలిచింది. కొలత సక్రమంగా ఉంది. ఆయనకు క్షమాపణ చెప్పి వచ్చాను.

అయితే లోపం బండిలోనే ఉండాలి. మరునాడు తమ్ముడు ఖాళీ బండిని పదిహేను కిలోమీటర్లు తిప్పి, బ్రేకు తక్కువగా వాడి, ఇంటి ముందు చదునులో ఆపాడు. నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూశాం, తాకకుండా, నాలుగు వేళ్ల దూరంలో. మూడు చక్రాల దగ్గర గోరువెచ్చగా ఉంది. ఎడమ వెనుక చక్రం దగ్గర సెగ కొట్టింది, కాలిన వాసన కూడా ఉంది. న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరం తోస్తే బండి కదిలి వెంటనే ఆగిపోయింది. బాగున్న బండి అలా ఆగదు, కొంతదూరం దొర్లుతుంది. విప్పిస్తే వానల్లో బురద చేరి, తుప్పు పట్టి, బ్రేకు షూ వెనక్కి రాకుండా డ్రమ్మును రాసుకుంటోంది. అంటే బండి రోజంతా ఒక చక్రానికి బ్రేకు వేసుకుని చెన్నై దాకా వెళ్లి వస్తోంది. శుభ్రం చేసి స్ప్రింగు మార్చినందుకు అయిన ఖర్చు రెండు ట్రిప్పుల్లో తిరిగొచ్చింది. మైలేజీ మళ్లీ 12కు వచ్చింది.

చేయి పెట్టి చూసే ఈ పని నెలకొకసారి చేయండి. డబ్బు ఖర్చు లేనిది. దానితోపాటు టైర్లలో గాలి ఉదయం బండి కదలకముందు చూడాలి. టైర్లు వేడెక్కాక చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తాయి. ముందు, వెనుక టైర్లకు వేర్వేరు గాలి, బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నంతే. టైరు ఒకవైపు అంచు మాత్రమే అరిగితే చక్రాల అమరిక తప్పినట్టు. తోటల దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే చూడాలి. నల్ల పొగ కనిపిస్తే మొదట దాన్నే విప్పండి. డీజిల్ ఫిల్టరులో చేరిన నీటిని వదిలేయడం వానాకాలంలో మరవకూడదు. ఇంజన్ ఎంతసేపు నడిచినా వేడి ముల్లు కిందే ఉండిపోతుంటే థర్మోస్టాట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీటిని అదుపు చేసే మూత) తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి. చల్లటి ఇంజన్ ఎక్కువ తాగుతుంది.

మైలేజీ పెంచుతాయంటూ అమ్మే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే చుక్కల మందుల జోలికి మేము పోలేదు. ఆ డబ్బుతో గాలి ఫిల్టరు వస్తుంది.

చవక డీజిల్ ఎంతవరకు చవక

ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అందుకే సరిహద్దు దాటితే కర్ణాటకలో, తమిళనాడులో రేటు తక్కువగా కనిపిస్తుంది. చెన్నై ట్రిప్పుకు మేము తమిళనాడులోనే పట్టిస్తాం. 42 లీటర్ల ప్రయాణం కాబట్టి, తిరిగొచ్చేటప్పుడు మన సరిహద్దుకు ముందు వచ్చే ఆఖరి బంకులో నింపుకుంటే మరో ట్రిప్పుకు మళ్లీ అక్కడికి చేరేదాకా సరిపోతుంది. చెన్నై ట్రిప్పులు తోలే వారాల్లో నా కొలతలన్నీ ఆ ఒక్క బంకు నుంచే.

డీజిల్ కోసమే సరిహద్దుకు వెళ్లడం మాత్రం వేరే లెక్క. మాకు కర్ణాటక వైపు బంకుకు రానుపోను 36 కిలోమీటర్లు పడుతుంది. లీటరుకు 6 రూపాయలు తక్కువ అనుకుని 45 లీటర్లు పట్టిస్తే 270 మిగులుతుంది. వెళ్లి రావడానికి ఆ చవక రేటు మీదే 260 అవుతుంది. పది రూపాయల కోసం గంటకు పైగా పోయింది. అటువైపు బాడుగ ఉన్న రోజున నింపుకోవాలి, లేకపోతే ఇంటి దగ్గరే. యానాం దగ్గరి గోదావరి జిల్లాల బండ్లవాళ్లు కూడా తమ దూరం వేసుకుని ఇలాగే చూసుకోవచ్చు. డబ్బాల్లో పట్టి సరుకు పక్కన పెట్టి తేవడం మాత్రం వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు.

రోడ్డు పక్కన బయోడీజిల్ అని, మరో పేరుతో అని, బిల్లు లేకుండా తక్కువకు అమ్మేది ఎంత చవకైనా ముట్టుకోవద్దు. పాతకాలపు పంపు ఇంజన్లు కిరోసిన్ కలిపినా ఎలాగో నెట్టుకొచ్చేవి. కామన్ రైల్ ఇంజెక్టర్ల రంధ్రాలు అతి సన్నవి, లోపలి భాగాలకు డీజిలే నూనె పూత. మా వరుసలో ఒక బండి నాలుగు నెలలు ఆ చవక ఇంధనం పోసుకుని నాలుగు ఇంజెక్టర్లూ మార్చుకుంది. వారం రోజులు షెడ్డులోనే ఉంది, ఆ వారం బాడుగలు మేము తోలాం. ఆ డ్రైవరు ముఖం చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఎక్కువ బరువు వేస్తే డీజిల్ కలిసొస్తుందా

ధర పెరగగానే వచ్చే మొదటి ఆలోచన ఇదే. ఎలాగూ వెళుతున్నాం, ఇంకో ముప్పై క్రేట్లు వేసుకుంటే డీజిల్ ఖర్చు వాటి మీదా పంచుకుంటుంది కదా అని. ఆర్సీలో లోడుతో బరువు నుంచి ఖాళీ బరువు తీసేయండి. మిగిలేదే మీ హక్కు, అందులో డ్రైవరు, క్లీనరు బరువు కూడా ఉంది. మా బండికి 1,500 కిలోలు. క్రేటుతో కలిపి ఒక్కోటి 27 కిలోలు, 50 క్రేట్లు వేస్తే 1,350. ఇద్దరు మనుషులతో సరిపోయింది. 80 వేస్తే 2,160 అవుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000, అదనపు టన్నుకు మరో 2,000, ఎక్కువైన సరుకును అక్కడే దించే ఖర్చు వేరు. ఒక్కసారి పట్టుబడితే ఏడాది పొడవునా ముప్పై క్రేట్ల మీద మిగిల్చింది పోతుంది. మొగిలి ఘాట్‌లో ఆ బరువుతో తమ్ముడు దిగుతున్నాడన్న ఊహే నాకు నిద్ర పట్టనివ్వదు. ఈ విషయంలో నేను బేరం ఆడను. యాభై దాటితే ఇంకో బండి మాట్లాడుకోమంటాను.

బండి ఉంచాలా, అమ్మాలా

డీజిల్ పెరిగిన ప్రతిసారీ మా వరుసలో ఒకటి రెండు బండ్లు అమ్మకానికి వస్తాయి. అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి రేటు పలకదు. అమ్మే ముందు ఈ ఒక్క లెక్క వేయండి.

మా కంతులు తీరిపోయాయి, అయినా కొత్త బండి కోసం అంత మొత్తం నెలనెలా పక్కన పెడుతున్నాను. దానికి బీమా, పన్ను, ఫిట్‌నెస్, టైర్ల కోసం దాచేది, తమ్ముడి జీతం కలిపితే నెలకు 42,000. బండి కదిలినా కదలకపోయినా అయ్యే ఖర్చు ఇది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, కాబట్టి మా బండికి ఆ ఖర్చు కూడా ఇకమీదట పెరుగుతుంది. నెలకు 3,500 కిలోమీటర్లు సరుకుతో నడిస్తే కిలోమీటరుకు 12 రూపాయలు పడుతుంది. డీజిల్ మరో 12. మొత్తం 24. డీజిల్ 5 రూపాయలు పెరిగితే ఇది 24 రూపాయల 60 పైసలు అవుతుంది. అదే పని తగ్గి సరుకుతో నడిచేది 2,000 కిలోమీటర్లకు పడిపోతే? నిలువు ఖర్చే కిలోమీటరుకు 21 రూపాయలు అవుతుంది. డీజిల్ కలవకముందే కిలోమీటరుకు 9 రూపాయల దెబ్బ.

అందుకే నెలాఖరున నేను డీజిల్ బిల్లుల మొత్తం కంటే ముందు సరుకుతో నడిచిన కిలోమీటర్లు కూడతాను. వరుసగా మూడు నెలలు 2,500 దాటకపోతే, టమాటా సీజను కాదన్న సాకు కూడా లేకపోతే, బండిని అమ్మి, బాడుగకు ఇంకొకరి బండి నడుపుకోవడం మేలని తమ్ముడూ నేనూ ముందే అనుకున్నాం. ఇప్పటిదాకా ఒక నెలే అలా తగ్గింది. ఆ నెల మార్కెట్‌కు సరుకే రాలేదు. వెంటనే పక్క మండలంలోని రెండు ఎరువుల దుకాణాలతో మాట్లాడి, తిరుపతి నుంచి వచ్చేటప్పుడు వాళ్ల బస్తాలు వేసుకురావడం మొదలుపెట్టాం. భాకరాపేట ఘాట్‌లో లోడుతో ఎక్కాలి కాబట్టి ఆ దారికి లీటరుకు 10 కూడా రాదు. ఆ దారి రూపాయి బరువు 20 నుంచి 24కు మార్చి రాసుకున్నాను.